మా పట్టణం పార్కులోని పాత ఫిరంగి తుప్పు పడుతోంది, ఏం చేయాలి?

మీరు అడిగిన విషయాన్ని నాకు అర్థమైనంత వరకు ముందు చెబుతాను. కడప జిల్లాలోని మీ పట్టణంలో, మునిసిపల్ పార్కు నడుమ, మీ చిన్నప్పటి నుంచి ఒక ఫిరంగి నిలబడి ఉంది. రెండు రబ్బరు చక్రాలు, ముందు ఒక ఇనుప పలక, గొట్టం చివర పక్కలకు చీలికలున్న డబ్బా లాంటి భాగం, వెనక్కి సాగిన ఒకే తోక, ఆ తోక కింద ఎద్దులబండి చక్రమంత ఇనుప వలయం ఉన్నాయని రాశారు. కింది భాగం తుప్పు పట్టి పెచ్చులు లేస్తోంది, టైర్లు పగిలిపోయాయి. వచ్చే ఆగస్టు 15 నాటికి దానికి వెండి రంగు వేయించి కొత్త బోర్డు పెట్టాలని వార్డు పెద్దలు నిర్ణయించారు. అది 1971 యుద్ధంలో పాకిస్తాన్ నుంచి పట్టుకొచ్చినదని కొందరు, బోఫోర్స్ అని కొందరు అంటున్నారు. అది ఏ ఫిరంగి, దాని మీదికి ఎక్కి ఆడే పిల్లలకు ప్రమాదం ఉందా, తుప్పును ఎలా ఆపాలి అన్నవి మీ ముఖ్యమైన మూడు ప్రశ్నలు.

మొదట సూటిగా సమాధానాలు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది 25 పౌండర్ ఫీల్డు గన్ను, బోఫోర్స్ కాదు. సైన్యం పద్ధతి ప్రకారం పని చేయకుండా చేసి ఇచ్చిన ఫిరంగి అయితే అది పేలదు, కానీ దానిలో ఎవరూ బోల్టు వదులు చేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఇక తుప్పు విషయంలో నీటిని దూరం చేయడం మొదటి పని, రంగు వేయడం చిట్టచివరి పని. ఆగస్టు 15 కోసం తొందరపడి రంగు వేయిస్తే, ఆ రంగు కింద తుప్పు మరింత హాయిగా పెరుగుతుంది. దయచేసి జనవరి 26ను లక్ష్యంగా పెట్టుకోమని మీ పెద్దలకు చెప్పండి. ఎందుకో కింద వివరిస్తాను.

నేను సైన్యంలో ఆయుధాలు, వాహనాలు మరమ్మతు చేసే ఈ.ఎం.ఇ. విభాగంలో గన్ ఫిట్టరుగా 1977 నుంచి 22 ఏళ్ళు పని చేశాను. నేను చేరేనాటికి 25 పౌండర్ల స్థానంలోకి 105 మి.మీ. ఇండియన్ ఫీల్డ్ గన్నులు వస్తున్నాయి. అయినా పని నేర్చుకున్నది 25 పౌండర్ మీదనే. పదవీ విరమణ తరువాత అనంతపురంలో లేత్ వర్క్‌షాపు నడుపుకుంటూ, అనంతపురం, కర్నూలు వైపు మూడు చిన్న పట్టణాల్లో పార్కుల్లో ఉన్న ఫిరంగులకు మరమ్మతు చేశాను. ఇక్కడ రాసేది ఎక్కువగా ఆ మూడింటి దగ్గర నేర్చుకున్నది.

ముందుగా గుర్తింపు సంగతి. 25 పౌండర్ అన్న పేరు అది వేసే గుండు బరువును బట్టి వచ్చింది. 25 పౌండ్లంటే 11 కిలోల పైచిలుకు. గొట్టం లోపలి వ్యాసం 87.6 మి.మీ. ఇది బ్రిటిష్ వాళ్ళు తయారు చేసి 1940 నుంచి యుద్ధంలో వాడిన ఫిరంగి. మీరు వర్ణించిన ఆ ఇనుప వలయమే దీనికి అన్నిటికంటే పెద్ద గుర్తు. ఫిరంగిని లాక్కువెళ్ళేటప్పుడు అది తోక కిందికి తగిలించి ఉంటుంది. కాల్పులకు దించినప్పుడు దాన్ని నేల మీద పరిచి, చక్రాలను దాని మీదికి ఎక్కిస్తారు. అప్పుడు ఒక్క మనిషి తోక పట్టుకుని తిప్పినా సుమారు 1,800 కిలోల ఫిరంగి ఏ దిక్కుకయినా తిరిగిపోతుంది. మీద పడే ట్యాంకు వైపు క్షణాల్లో గురి మార్చడానికి ఈ ఏర్పాటు ఎంతో ఉపయోగపడింది. గొట్టం చివరి చీలికల డబ్బాను మజిల్ బ్రేక్ అంటారు. మొదట్లో వచ్చిన 25 పౌండర్లకు అది లేదు, ట్యాంకుల మీదికి ఎక్కువ పేలుడు మందుతో కాల్చవలసి వచ్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని తగ్గించడానికి తరువాత చేర్చారు. కాబట్టి మీ ఫిరంగి ఆ తరువాతి రకానికి చెందినది, లేదా తరువాత మార్పు చేసినది.

బోఫోర్స్ అన్న పేరు ఎందుకు వచ్చిందో నేను ఊహించగలను. 1986లో బోఫోర్స్ అనే స్వీడన్ కంపెనీ నుంచి 410 హౌవిట్జర్లు (గుండును ఎత్తుగా వేసే ఫిరంగులు) కొనే ఒప్పందం, దాని చుట్టూ నడిచిన రాజకీయం, 1999లో కార్గిల్ యుద్ధాన్ని టీవీలో చూడడం, ఇవన్నీ కలిసి మన ప్రాంతంలో ఫిరంగి కనిపిస్తే చాలు బోఫోర్స్ అనడం అలవాటయింది. ఆ హౌవిట్జరు 155 మి.మీ. వ్యాసం గలది, మీ పార్కులో ఉన్నదానికంటే ఎంతో పెద్దది. అదే కంపెనీ వారి పాత 40 మి.మీ. విమాన విధ్వంసక ఫిరంగులు మాత్రం దేశంలో చాలాచోట్ల ప్రదర్శనకు ఉన్నాయి. వాటికి నాలుగు చక్రాల బండి, సన్నని పొడవైన గొట్టం, దాని చివర గరాటు ఆకారం ఉంటాయి. మీరు చెప్పినదానికి అవేవీ కలవడం లేదు.

ఇప్పుడు 1971 ప్రశ్న. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బోర్డు మీద ఒకసారి తప్పు చెక్కితే అది తరాల పాటు ఉండిపోతుంది. ఒక ఊళ్ళో పాకిస్తాన్ వాడిన అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకు కనిపిస్తే అది పట్టుబడినదేనని నిస్సంకోచంగా చెప్పవచ్చు, ఎందుకంటే మన సైన్యం ప్యాటన్లను ఎన్నడూ వాడలేదు. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో చిక్కినవే వాటిలో చాలా ఉన్నాయి. కానీ 25 పౌండర్ విషయంలో ఆ తర్కం పనికిరాదు. 1947లో దేశంతో పాటు బ్రిటిష్ ఇండియా సైన్యపు సామగ్రి కూడా రెండుగా పంపకమైంది. ఆ తరువాత రెండు సైన్యాలూ ఇదే ఫిరంగితో ఒకదాని మీద ఒకటి కాల్పులు జరుపుకున్నాయి. ఫిరంగి రూపాన్ని చూసి అది ఎవరిదో చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

చెప్పగలిగేది దాని మీది అంకెలు. గొట్టం వెనక, గుండు పెట్టే చోట, మందమైన ఉక్కు చట్రం ఉంటుంది, దాన్ని బ్రీచ్ రింగు అంటాము. దాని పైన లేదా పక్కన ఫిరంగి సంఖ్య, తయారైన సంవత్సరం, తయారు చేసిన కర్మాగారపు గుర్తు పోటు వేసి ఉంటాయి. కొన్నిటి మీద మూడు గీతల బాణం గుర్తు కూడా కనిపిస్తుంది, అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర. గొట్టానికీ, కింది బండికీ వేరువేరు సంఖ్యలు, వేరువేరు సంవత్సరాలు ఉంటే కంగారు పడకండి, వర్క్‌షాపుల్లో ఒకదాని గొట్టం మరొకదాని బండి మీదికి ఎక్కించడం మామూలే. ఆ సంఖ్యలను మునిసిపాలిటీ దస్త్రాల్లో ఉన్న అప్పగింత కాగితంతో పోల్చి చూడాలి. ఆ కాగితంలో అది పట్టుబడిన ఆయుధమని ఉంటే అలాగే రాయించండి. సైన్యం వాడకం నుంచి తొలగించినదని ఉంటే అలాగే రాయించండి. కాగితమే దొరకకపోతే, ఈ ఫిరంగి గురించి కాకుండా ఈ రకం ఫిరంగి గురించి మాత్రమే బోర్డు మీద రాయించండి. అందులో తక్కువతనం ఏమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో భారత డివిజన్ల వెంట నడిచినవి 25 పౌండర్లే. 1947–48లో కాశ్మీరులో, 1962లో చైనాతో యుద్ధంలో లద్దాఖ్‌లోని చూశూల్‌లో, 1965లో, 1971లో మన గన్నర్లు వాడినవీ అవే.

1962 మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాది నవంబరు 18న రెజాంగ్ లా కనుమ దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నడిపిన సైనిక దళం ఫిరంగుల అండ లేకుండా పోరాడవలసి వచ్చింది. చూశూల్ వైపున్న మన ఫిరంగులకూ ఆ కనుమకూ నడుమ కొండ అడ్డుగా ఉండడమే దానికి కారణం. ఎంత గొప్ప ఫిరంగి అయినా అడ్డుగా ఉన్న శిఖరాన్ని దాటించి వేయలేకపోతే పనికిరాదన్నది శిక్షణలో మాకు మొదటి వారమే చెప్పేవారు. బోర్డు మీద 12 కిలోమీటర్ల దూరం వేయగలదని రాయించేటప్పుడు పక్కన ఈ ఒక్క వాక్యం కూడా రాయిస్తే, చదివే పిల్లలకు ఫిరంగి ఎలా పని చేస్తుందో నిజంగా అర్థమవుతుంది.

రెండో ప్రశ్న, ప్రమాదం. పార్కులకు ఇచ్చే ముందు ఫిరంగిని కాల్చడానికి వీలు లేకుండా చేస్తారు. కాల్చే పిన్ను తీసేయడం, గొట్టం వెనక గుండు పెట్టే చోటును, అంటే బ్రీచ్‌ను, వెల్డింగుతో మూసేయడం, గొట్టాన్ని మూసేయడం లేదా దానికి రంధ్రం చేయడం వంటివి అందులో ఉంటాయి. మీరు వెనక నుంచి చూసి బ్రీచ్ కదలకుండా వెల్డింగు చేసి ఉందో లేదో ఒక ఫోటో తీయండి. ఏ కారణం చేతనయినా అది తెరుచుకుంటూ ఉంటే, మీరేమీ చేయకుండా మునిసిపల్ కమిషనరుకూ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికీ రాతపూర్వకంగా తెలపండి. ఆయుధాల చట్టం, 1959 ఫిరంగులను నిషిద్ధ ఆయుధాల కింద చేర్చింది. కాబట్టి ఇది స్థానికంగా వెల్డరును పిలిపించి తేల్చుకునే వ్యవహారం కాదు.

అసలు భయపడవలసిన చోటు గొట్టం కింద ఉన్న రీకాయిల్ వ్యవస్థ. ఫిరంగి కాల్చినప్పుడు గొట్టం వెనక్కి తన్నుకొస్తుంది. దాన్ని ఆపడానికి నూనె, మళ్ళీ ముందుకు తోయడానికి ఒత్తిడితో నింపిన గాలి, రెండూ ఆ ఉక్కు గదుల్లో ఉంటాయి. అప్పగించే ముందు ఆ ఒత్తిడిని తీసేసి ఉండవచ్చు, తీయకపోయి ఉండవచ్చు, బయటి నుంచి చూసి చెప్పలేము. ఇన్నేళ్ళు ఎండలో ఉంది కదా, గాలి ఎప్పుడో పోయి ఉంటుంది అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. నేను మరమ్మతు చేసిన ఒక పార్కులో, నాకంటే ముందు వచ్చిన మెకానిక్ ఆ గది మూతకున్న బోల్టులు ఆరింటిలో నాలుగు ఊడదీసి, మిగిలిన రెండూ తుప్పుతో కదలక వదిలేసి వెళ్ళాడు. ఆ రెండు కదలకపోవడం అతని అదృష్టం. నేను చూసిన రోజున వాటి చుట్టూ నూనె చెమర్చి, మట్టితో కలిసి నల్లటి ముద్దలా గట్టిపడి ఉంది. పిల్లలు ఆ ముద్దనే గోళ్ళతో గిల్లుతూ ఆడుకుంటున్నారు. ఆ రోజే చుట్టూ తాడు కట్టించి, పై అధికారులకు ఉత్తరం రాయించి, సైన్యం నుంచి మనుషులు వచ్చి చూసేదాకా చేయి పెట్టలేదు. కాబట్టి రీకాయిల్ భాగం మీద మీరు చేయవలసింది ఒక్కటే, పైపైన శుభ్రం చేసి రంగు వేయడం. బోల్టు, ప్లగ్గు, నట్టు ఏదీ తిప్పవద్దు, గ్యాస్ కట్టరును దాని దరిదాపులకు రానీయవద్దు.

ఇంకా రెండు చిన్న విషయాలున్నాయి. ఆ కాలపు గురి పరికరాల అంకెలు చీకట్లో కనిపించడానికి వాటికి రేడియం కలిసిన రంగు పూసేవారు. ఆ మెరుపు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది కానీ రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. సాధారణంగా గురి పరికరాలను ముందే తీసేస్తారు. ఒకవేళ పసుపు, గోధుమ రంగు పూత ఉన్న అంకెల పలక ఏదయినా మిగిలి ఉంటే దాన్ని గీకవద్దు, ఎమరీ కాగితం పెట్టవద్దు, అధికారులకు చెప్పండి. రెండోది, గొట్టాన్ని పైకి కిందికి కదిపే చేతి చక్రాలు. వాటి పళ్ళ మధ్య పిల్లల వేళ్ళు నలుగుతాయి. గొట్టాన్ని ఒక స్థితిలో నిలిపి, దాని కింద ఉక్కు స్తంభం ఆసరా ఇచ్చి, ఆ చక్రాలు తిరగకుండా చేయించడం మంచిది. తోకను కూడా నేలకు బిగించాలి, లేకపోతే పెద్ద పిల్లలు నలుగురైదుగురు గొట్టం చివర వేలాడినప్పుడు ఫిరంగి ముందుకు ఒరిగే అవకాశం ఉంటుంది.

పార్కు అలంకారానికి చుట్టూ పాత గుండ్లు పేర్చాలన్న ఆలోచన కూడా మీ ప్రశ్నలో ఒక మాటగా ఉంది. పేలుడు పదార్థం లేదని సైన్యం ధ్రువీకరించి ఇచ్చిన కాగితం లేని ఏ గుండునూ పార్కులోకి రానీయకండి. పాత ఇనుప సామాను దుకాణంలో దొరికిందని తెచ్చి పెట్టడం ఎంతమాత్రం తగదు. అలాంటిది ఎక్కడయినా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు తెలపండి.

ఇక తుప్పు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. మన జిల్లాల్లో వానలు తక్కువ, కాబట్టి ఇనుము నిలుస్తుందని అందరూ అనుకుంటారు. కర్నూలు వైపు ఒక పార్కులో ఫిరంగిని చూసినప్పుడు నాకు అసలు కారణం తెలిసింది. ఆ ఫిరంగి పై సగం రంగు వెలిసిపోయి ఉందే తప్ప ఉక్కు గట్టిగానే ఉంది. కింది సగం, నేల నుంచి సరిగ్గా నడుమెత్తు దాకా, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. రెండింటి మధ్య ఎవరో దారం పట్టి గీసినట్టు ఒక గీత ఉంది. ఆ గీత వెంట తెల్లటి ఉప్పు చారలు కట్టి, వేలితో రుద్దితే పొడిగా రాలుతున్నాయి. సాయంత్రం ఐదింటికి మాలి వచ్చి పచ్చిక తడిపే స్ప్రింక్లర్లు తిప్పాడు, నీటి తుంపర సరిగ్గా ఆ గీత దాకా ఎగసింది. ఆ ఫిరంగిని చెడగొట్టింది వాన కాదు, బోరు నీరు. మన బోరు నీటిలో కరిగిన ఉప్పులు ఎక్కువ. రోజూ తడిసి, రోజూ ఎండలో ఆరి, ప్రతిసారీ కొంచెం ఉప్పు ఉక్కు మీద మిగిలిపోతుంది. ఆ ఉప్పు రాత్రి గాలిలోని తేమను పీల్చుకుని తుప్పును ఆగనివ్వదు. మీ పార్కులో మొదట చేయవలసిన పని ఫిరంగి చుట్టూ కనీసం పది పన్నెండు అడుగుల మేర స్ప్రింక్లర్లను ఆపించడం. దీనికి రూపాయి ఖర్చు లేదు, రేపే చేయించవచ్చు.

రెండోది, గొట్టం లోపలి నీరు. చూడడానికి ఠీవిగా ఉంటుందని గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి నిలబెడతారు. వాన నీరు లోపలికి జారుతుంది, వెనక బ్రీచ్ మూసేసి ఉంటుంది కనుక బయటికి దారి లేదు. కొందరు తెలివిగా చివరన రేకు పెట్టి వెల్డింగు చేయిస్తారు. ఆ వెల్డింగులో సూది మొనంత సందు ఉన్నా చాలు, పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి బయటి తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది. వానాకాలంలో ఆ సందు మీద నిలిచిన నీటిని కూడా అలాగే పీలుస్తుంది. అనంతపురం వైపు ఒక పార్కులో అలా మూసిన గొట్టానికి, అనుమతి తీసుకుని, రేకు కింది అంచును గ్రైండరుతో కొద్దిగా తెరిచాను. మొదట బుస్సుమని గాలి, ఆ వెంటనే ఇటుక పొడి కలిపినట్టున్న ఎర్రటి నీరు. పెట్టిన బకెట్టు దాదాపు నిండింది. పూర్తిగా మూసి ఉందని అందరూ నమ్మిన గొట్టం అది. తరువాత ఆ రేకు తీసేసి, దాని స్థానంలో కింది అంచున వేలెడు సందు ఉన్న మూత పెట్టి, పక్షులు, కందిరీగలు గూడు కట్టకుండా సన్నని స్టీలు జాలీ బిగించాను. గొట్టాన్ని నేలకు సమంగా, ముందు వైపుకు కాస్త వాలుగా దించాను. నీరు చేరితే దానంతటదే కారిపోవాలి, గాలి ఆడాలి, అంతే. పెట్టె ఆకారంలో ఉండే తోక లోపల కూడా నీరు, ఆకులు చేరతాయి, దాని కింది రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటే పుల్లతో తెరవండి. వేప ఆకులు తడిసి కుళ్ళి పేరుకున్న చోటల్లా ఉక్కు తొందరగా తినిపోతుంది.

మూడోది, చక్రాలు, అరుగు. దొంగలు తీసుకుపోకుండా చక్రాల సగం దాకా కాంక్రీటు పోయడం నేను రెండు ఊళ్ళలో చూశాను. దయచేసి అలా చేయించవద్దు. కాంక్రీటుకూ ఉక్కు రిమ్ముకూ నడుమ సన్నని సందు ఏర్పడి, నీరు అందులోనే నిలిచి, ఎవరికీ కనపడకుండా రిమ్మును తినేస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక చివరికి కాంక్రీటునూ పగలగొడుతుంది. ఇరుసు కింద రెండు ఉక్కు స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి తీసుకుని, టైర్లు నేలకు తగిలీ తగలనట్టు ఉంచాలి. అప్పుడు పగిలిన టైర్లను కూడా అలాగే నిలుపుకోవచ్చు, వాటిని మార్చడం కోసం తొందరపడనక్కరలేదు. మీది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేల అయితే అరుగు విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. వానకు ఉబ్బి ఎండకు పగిలే ఆ నేల మీద సన్నని అరుగు రెండేళ్ళలో ఒరుగుతుంది. రేగడిని లోతుగా తీయించి, గ్రావెల్ నింపి దిమ్మిసా వేయించిన తరువాతే కాంక్రీటు వేయాలి. పైన మన కడప బండలు పరిచి, అన్ని వైపులకూ వాటం ఇస్తే నీరు నిలవదు.

ఇవన్నీ అయిన తరువాతే రంగు. మన వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా గాలికాలం. తడి రంగు మీద దుమ్ము పడి ఎమరీ కాగితంలా తయారవుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. మార్చి దాటితే ఉక్కు చేయి పెట్టలేనంత కాలి, రంగు ఆరే లోపే బుడగలు లేస్తుంది. డిసెంబరు నడిమి నుంచి జనవరి చివరి దాకా ఉన్న ఆరు వారాలే ఈ పనికి సరైన కాలం. డిసెంబరు 16, 1971 విజయానికి గుర్తుగా విజయ్ దివస్ జరుపుకునే రోజు, సరిగ్గా వానలు వెళ్ళిన వెంటనే వస్తుంది. ప్రతి ఏటా ఆ రోజున ఫిరంగిని పరిశీలించే ఏర్పాటు చేసుకోమని నేను పని చేసిన మూడు చోట్లా చెప్పాను, రెండు చోట్ల పాటిస్తున్నారు.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు ఫిరంగినంతా ఉప్పు లేని నీటితో రెండు మూడు సార్లు కడగాలి. ఊళ్ళో వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాన్లు ఏడెనిమిది సరిపోతాయి. ప్లాంటు వాళ్ళు బయటికి వదిలే వృథా నీరు ఉచితంగా ఇస్తామంటారు, అది మాత్రం వద్దు, బోరు నీటిలోని ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే. ఆరిన తరువాత వైరు బ్రష్షుతో పెచ్చులు రాల్చి, తడి ఎమరీ కాగితంతో రుద్దాలి. పాత సైనిక రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్దవద్దు. పని చేసేవాళ్ళు మాస్కు కట్టుకోవాలి, కింద పట్టా పరిచి రాలినదంతా ఏరి తీసేయాలి, పిల్లలను ఆ వారం పార్కులోకి రానీయకూడదు. ఇసుక పేల్చి శుభ్రం చేసే యంత్రం త్వరగా పని ముగిస్తుందని కాంట్రాక్టర్లు చెబుతారు. దానితో బ్రీచ్ రింగు మీది సంఖ్యలు చెరిగిపోతాయి, సంఖ్యలు పోయిన ఫిరంగికి చరిత్ర చెప్పే దారి ఉండదు. రుద్దడానికి ముందే ప్రతి సంఖ్యనూ పక్క నుంచి టార్చి వెలుగు వేసి ఫోటో తీయండి. ఆ తరువాత తుప్పును నిరోధించే ప్రైమరు రెండు పూతలు, జింక్ ఫాస్ఫేట్ రకం దొరికితే అది, లేకపోతే మంచి రెడ్ ఆక్సైడ్. పైన మెరుపు లేని ముదురు ఆకుపచ్చ ఎనామెల్ రెండు పూతలు. నాకు ఒక్కో ఫిరంగికి నాలుగు లీటర్ల ప్రైమరు, దాదాపు అంతే రంగు పట్టింది. పోటు వేసిన సంఖ్యల మీద మాత్రం మందంగా వేయవద్దు, పలుచటి ఒక్క పూత చాలు.

వెండి రంగు గురించి మీ పెద్దలు నొచ్చుకోకుండా చెప్పడం ఎలా అని అడిగారు. నేనైతే వారికి ఒక మాట చెబుతాను. ఈ ఫిరంగి వెనక ఆరుగురు మనుషులు నిలబడేవారు, ఒకరు గుండు అందిస్తే ఒకరు మందు గుళ్ళ పెట్టె తెరిచేవారు, ఒకరు గురి చూసేవారు. శత్రువు కంట పడకుండా ఉండడానికే వాళ్ళు దానికి మట్టిలో, చెట్లలో కలిసే రంగు వేసుకున్నారు. ఆ రంగులోనే దాన్ని నిలబెట్టడం వాళ్ళకు మనం ఇచ్చే మర్యాద. నేను ఇలా చెప్పిన చోట ఎవరూ కాదనలేదు. బోర్డును ఫ్లెక్సీగా పెట్టించవద్దు, ఒక్క వేసవికే వెలిసిపోతుంది. అక్షరాలు చెక్కిన నల్ల గ్రానైటు పలక మేలు. కడప బండ కూడా అందంగానే ఉంటుంది కానీ ఎండకు దాని నునుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది, అక్షరాలు కనపడవు.

గండికోట వైపు కోటల్లో ఉండే పాత ఫిరంగులకూ ఇదే పద్ధతి వాడవచ్చా అని చివర అడిగారు. వాడకూడదు. గండికోట, సిద్ధవటం, గుత్తి కోటలు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, అక్కడ గీకడానికీ రంగు వేయడానికీ మనకు హక్కు లేదు. పైగా అవి వేరే లోహం, వేరే తయారీ. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో గండికోట ఉన్నప్పుడు అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే, ఆలయాల నుంచి తెచ్చిన రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోత పోయించాలని అక్కడ జరిగిన ప్రయత్నం గురించి రాసి పెట్టాడు. ఆ పని నెరవేరలేదని కూడా రాశాడు. అలాంటి పోత లోహాల సంరక్షణ వేరే శాస్త్రం, నాకు తెలిసినది ఉక్కు.

మీరు ఈ వారంలో చేయగలిగినవి చెబుతాను. స్ప్రింక్లర్లు ఆపించండి. మునిసిపాలిటీలో అప్పగింత కాగితం కోసం దరఖాస్తు పెట్టండి, అందులో ఫిరంగిని కోయడం, వెల్డింగు చేయడం గురించి షరతులేమయినా ఉన్నాయేమో చదవండి. బ్రీచ్ రింగు పై భాగం, బ్రీచ్ వెనక భాగం, గొట్టం చివర, గొట్టం కింది రీకాయిల్ గది ముందు మూత, ఇరుసు మీది పలక, ఈ ఐదింటి ఫోటోలు దగ్గర నుంచి తీసి ఇక్కడ పెట్టండి. ఉదయం ఏడింటి లోపు తీస్తే ఏటవాలు వెలుగులో అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. సంవత్సరం, కర్మాగారపు గుర్తు చదవగలిగితే బోర్డు మీద రాయవలసిన వాక్యాలను నేనే రాసి ఇస్తాను.